48 పాయింట్లు, ఒక రాత్రి

మే 4, శనివారం. రాత్రి పది గంటల ప్రాంతం. సాల్ట్ లేక్ స్టేడియం నుంచి అరవై వేల మందికి పైగా జనం బయటికి వస్తున్నారు. అంతమంది నడుస్తున్నా మాట వినిపించడం లేదు, చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మూడు దశాబ్దాలుగా ఎన్నికల సభలు చూస్తున్నవాణ్ణి. జనం ఎంతమంది ఉన్నారో చూపుతో అంచనా వేయడం నా వృత్తిలో భాగం. కాని అంత పెద్ద సమూహం అంత మౌనంగా నడవడం మునుపెన్నడూ చూడలేదు. నా ముందు ఒక తండ్రి పదేళ్ల కొడుకు భుజం మీద చెయ్యి వేసి నడిపిస్తున్నాడు. పిల్లవాడి చెంపల మీద దిద్దిన ఆకుపచ్చ, మెరూన్ చారలు చెమటకూ కన్నీళ్లకూ కరిగి ఒకే రంగయ్యాయి.

ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో ముంబై సిటీ చేతిలో మోహన్ బాగాన్ 1-3 తేడాతో ఓడిపోయింది. సరిగ్గా పంతొమ్మిది రోజుల కిందట, ఏప్రిల్ 15న, ఇదే మైదానంలో ఇదే ముంబైని 2-1తో ఓడించి మోహన్ బాగాన్ లీగ్ షీల్డ్ గెలుచుకుంది. ఆ షీల్డ్ ఆ క్లబ్బుకు అదే మొదటిసారి. బెంగాలీ నూతన సంవత్సరం వెళ్లిన మర్నాడు అది. ఆ రాత్రి నగరమంతా రొయ్యల కూర వండుకుందని నాతో ఒక బెంగాలీ మిత్రుడు చెప్పాడు. మోహన్ బాగాన్ గెలిస్తే రొయ్య, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ్ - అది అక్కడి ఆచారం. ఇలిశ్ అంటే మన గోదావరి పులసే. పులస కోసం పుస్తెలమ్ముకునే జాతివాణ్ణి గనుక చేపను బట్టి జట్టును ఎంచుకోవలసి వస్తే నేను ఈస్ట్ బెంగాల్ పక్షానే ఉండవలసినవాణ్ణి. ఉండకపోవడానికి కారణం మా నాన్న.

నేను కోల్‌కతా వెళ్లింది ఆట చూడడానికి కాదు. పశ్చిమ బెంగాల్‌లోని 42 లోక్‌సభ స్థానాలకు ఈసారి ఏడు విడతలలోనూ పోలింగ్ పెట్టారు. రెండు విడతలు ముగిశాయి, మూడవది 7వ తేదీన. ఏప్రిల్ 30న కోల్‌కతాలో 43 డిగ్రీల ఎండ కాసింది. ఆ ఎండలో సభల వెంట తిరిగి, రాత్రిళ్లు హోటల్ గదిలో కూర్చుని ఎవరికెన్ని స్థానాలో లెక్కలు వేసుకుంటున్న రోజులవి. శనివారం ఒక మిత్రుడి దగ్గర టికెట్టు మిగిలిందని తెలిసింది. ఎన్నికలు ఎక్కడికీ పోవు కదా అనుకుని వెళ్లాను.

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు. ఖరగ్‌పూర్‌లో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. మా వీధిలో బెంగాలీ వినిపించేది సైకిలు మీద చేపలు తెచ్చేవాడి నోటి నుంచే. నాన్నకు ఆఖరి వరకూ బెంగాలీ సరిగా రాలేదు. కాని బెంగాలీ రేడియో వ్యాఖ్యానం మాత్రం పొల్లుపోకుండా అర్థమయ్యేది. ఆటగాళ్ల పేర్లు తెలిస్తే చాలు, మిగిలిందంతా గొంతే చెబుతుందనేవారు. ఆ పేర్లలో ఆయనకు అత్యంత ప్రియమైనది హైదరాబాదుకు చెందిన మహమ్మద్ హబీబ్. కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడిన మనిషి. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టుతో మోహన్ బాగాన్ 2-2గా సరిసమానంగా నిలిచినప్పుడు ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌దే. రేడియో ముందు కూర్చున్న మా వీధి తెలుగువాళ్లందరూ ఆ క్షణాన తమ చుట్టం గోల్ కొట్టినట్టు లేచి నిలబడ్డారు. నాకప్పుడు పదకొండేళ్లు.

హైదరాబాదుకూ కోల్‌కతాకూ ఫుట్‌బాల్ వల్ల కలిగిన బంధుత్వం ఈనాటివారికి అంతగా గుర్తు లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతజట్టును నాలుగో స్థానం దాకా తీసుకువెళ్లిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన శిక్షణలో స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకుడు మోహన్ బాగాన్ ఆటగాడు చునీ గోస్వామి. ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లినవాడు. వెళ్లి అక్కడే స్థిరపడ్డాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. హబీబ్ అదే సంవత్సరం ఆగస్టు 15న హైదరాబాదులో పోయాడు. మోహన్ బాగాన్ క్లబ్ పుట్టింది 1889 ఆగస్టు 15న. ఈ తేదీల కలయికకు అర్థమేమీ లేదు, తెలుసు. అయినా ఆ రోజు వార్త చదివినప్పుడు నేను కొంతసేపు కదలలేకపోయాను.

ఇప్పుడు నాన్న చాదస్తం గురించి చెప్పాలి. ఆయన పాత రైల్వే డైరీలలో కోల్‌కతా లీగ్ పాయింట్ల పట్టిక రాసుకునేవారు. ఆడినవి, గెలిచినవి, సమానమైనవి, ఓడినవి, పాయింట్లు. ప్రతి ఆట తర్వాత కొట్టివేసి మళ్లీ రాసేవారు. 1977లో మోహన్ బాగాన్ లీగ్‌ను ఈస్ట్ బెంగాల్‌కు పోగొట్టుకుంది. కాని ఆ తర్వాత అదే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ మూడూ గెలిచింది. అంతకు ముందు ఏ జట్టూ ఒకే సీజన్‌లో ఆ మూడూ గెలవలేదు. మా వీధి వీధంతా పండగ చేసుకుంటుంటే నాన్న ఒక్కరే పెదవి విరిచారు. "కప్పుదేముందిరా, నాలుగాటలు! లీగంటే వానలో, బురదలో, గాయాలతో నెలల తరబడి నిలబడాలి. పట్టిక చూసి మాట్లాడు" అన్నారు. ఆ మాటకు వర్క్‌షాపు మిత్రులు ఆయనకు 'పట్టికయ్య' అని పేరు పెట్టారు. ఆ పేరు రిటైరయ్యేదాకా ఆయనను వదలలేదు. నాన్న 2016లో పోయారు.

2023-24 సీజన్ పట్టికను ఆయన చూసి ఉంటే ఎలా ఉండేదో నేను ఊహించగలను. 22 ఆటలు, 15 విజయాలు, 3 సమానాలు, 4 ఓటములు, 48 పాయింట్లు. రెండో స్థానంలోని ముంబైకి 47. (మన హైదరాబాద్ జట్టు అదే పట్టికలో అట్టడుగున 8 పాయింట్లతో నిలిచింది. అంతకు రెండేళ్ల ముందు కప్పు గెలిచిన జట్టు అది. డబ్బు కరవై, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయి, కుర్రవాళ్లతో సీజన్ పూర్తిచేసింది. అది వేరే వ్యాసం, రాయడానికి మనసు రావడం లేదు.)

ఆ 48 పాయింట్లు నల్లేరు మీద నడక కాదు. సీజన్ డ్యూరాండ్ కప్పుతో మొదలైంది. సెప్టెంబర్ 3న ఫైనల్లో అనిరుధ్ థాపా రెడ్ కార్డుతో బయటికి వెళ్లాక పదిమందితోనే ఆడి, దిమిత్రి పెత్రాతోస్ గోల్‌తో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించారు. అక్కడి నుంచి దిగజారుడు. నవంబర్‌లో ఏఎఫ్‌సీ కప్‌లో ఒడిశా చేతిలో సొంత మైదానంలో 2-5. డిసెంబర్ 20న ముంబైతో ఆట ఫుట్‌బాల్ కంటె వీధి తగాదాకు దగ్గరగా నడిచింది; రెండు జట్లకూ కలిపి ఏడు రెడ్ కార్డులు. అది ఓడారు. మూడు రోజులకు గోవా చేతిలో 1-4. మరి నాలుగు రోజులకు కేరళ చేతిలో 0-1. వారం రోజుల్లో మూడు ఓటములు. జనవరి మొదట్లో కోచ్ హువాన్ ఫెర్రాందోను పంపించి, పాత కోచ్ ఆంతోనియో లోపెజ్ హబాస్‌ను పిలిచారు. ఆ నెలలోనే సూపర్ కప్‌లో ఈస్ట్ బెంగాల్ 3-1తో ఓడించింది.

అక్కడి నుంచి ఏప్రిల్ 15 దాకా వచ్చారు. చివరి ఆటకు ముందు ముంబైకి 47, మోహన్ బాగాన్‌కు 45. ముంబైకి సమానం చాలు, వీరికి గెలుపు తప్ప దారి లేదు. 28వ నిమిషంలో లిస్టన్ కొలాసో, 80వ నిమిషంలో జేసన్ కమిన్స్ గోల్స్ చేశారు. 89వ నిమిషంలో ఛాంగ్తే ఒకటి తిరిగి కొట్టాడు. ఆఖరి క్షణాల ఆ ఆందోళనను నేను ఢిల్లీలో టీవీ ముందు కూర్చుని అనుభవించాను. ఆట ముగిశాక చేతిలోని టీ చల్లారిపోయి ఉంది.

ఇంతవరకూ నాన్న లోకం. ఆయన లెక్కలో కథ ఇక్కడితో ముగిసినట్టే. కాని ఆ సీజన్‌లో ఈ లీగ్ నియమాలు మరో విధంగా ఉండేవి. పన్నెండు జట్లలో మొదటి ఆరు ప్లేఆఫ్ ఆడేవి. మొదటి రెండూ నేరుగా సెమీఫైనల్‌కు, మిగిలిన నాలుగూ ఒక మెట్టు కింద నుంచి. చివరికి ఒక్క ఫైనల్. పట్టికలో మొదటి స్థానానికి షీల్డ్, ఫైనల్ గెలిచినవారికి కప్పు. 'ఛాంపియన్' అన్న మాట కప్పుకే వర్తించేది. డబ్బు కూడా అదే చెప్పేది: షీల్డ్‌కు మూడున్నర కోట్లు, కప్పుకు ఆరు కోట్లు. ఏడు నెలల పని ధర ఆఖరి రాత్రి ధరలో సగం కంటె కాస్త ఎక్కువ. ఏడాది పొడవునా పొలం దున్నినవాడికి కూలి, కోతల రోజున వచ్చినవాడికి పంట అన్నట్టుండేది ఆ ఏర్పాటు.

2019-20లో షీల్డ్ ప్రవేశపెట్టినప్పటి నుంచి 2023-24 దాకా ఐదు సీజన్లు. మొదటి ఏడాది గోవా షీల్డ్ గెలిచి సెమీఫైనల్లో ఓడింది. 2022లో జంషెడ్‌పూర్ అంతే. 2023లో ముంబై అంతే. 2024లో మోహన్ బాగాన్. ఆ ఐదు సీజన్లలో రెండూ గెలిచింది ఒకే ఒక్కసారి, 2020-21లో ముంబై. ఆ రెండింటిలోనూ ఓడింది ఎవరనుకున్నారు? ఇదే మోహన్ బాగాన్, ఇదే కోచ్ హబాస్. ఇద్దరికీ 40 పాయింట్లు వచ్చినా పరస్పరం ఆడిన ఆటల లెక్కలో షీల్డ్ ముంబైకి పోయింది. మార్చి 13న గోవాలో జరిగిన ఫైనల్లో చివరి నిమిషంలో బిపిన్ సింగ్ గోల్ కొట్టి కప్పు కూడా పట్టుకుపోయాడు.

మే 4న 81వ నిమిషంలో ముంబైని ఆధిక్యంలోకి తెచ్చిన గోల్ ఎవరిదో చెప్పనక్కర లేదు. బిపిన్ సింగ్‌దే. నా పక్కన కూర్చున్న పెద్దాయన బంతి వలను తాకకముందే కళ్లు మూసుకున్నాడు.

న్యాయంగా చెప్పాలి: ఆ రాత్రి ముంబై మెరుగైన జట్టు. 44వ నిమిషంలో పెత్రాతోస్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ పూర్తిగా అందుకోలేకపోతే కమిన్స్ దాన్ని లోపలికి నెట్టాడు. విరామ సమయానికి స్టేడియం ఊగిపోతోంది. కాని రెండవ అర్ధభాగంలో ముంబై బంతిని వదలలేదు. 53వ నిమిషంలో పెరెయ్రా దియాస్ సమం చేశాడు. అప్పటి నుంచి మోహన్ బాగాన్ ఆటగాళ్ల కాళ్లలో ఏడు నెలల బరువు కనిపించింది. అదనపు సమయం ఏడవ నిమిషంలో వోయ్‌తుష్ మూడో గోల్ కొట్టేసరికి నా వరుసలో సగం కుర్చీలు ఖాళీ. అదృష్టం కొట్టిన దెబ్బ అని సరిపెట్టుకునే వీలు కూడా మిగల్చలేదు. పైగా ముంబై మొండితనం అందరికీ తెలిసిందే: సెమీఫైనల్ మొదటి ఆటలో గోవా మీద 90వ నిమిషం దాకా 0-2తో వెనకబడి, ఆ తర్వాతి నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి 3-2తో గెలిచిన జట్టు అది. వారు కూడా సీజన్ మధ్యలో కోచ్‌ను మార్చుకున్నవారే.

ఆట ముగిశాక జరిగిన బహుమతుల తంతు చూడలేనిది. సీజన్‌లో ఉత్తమ ఆటగాడు పెత్రాతోస్ అని ప్రకటించారు. అతడు వచ్చి, తీసుకుని, తల వంచుకుని వెళ్లాడు.

సియాల్దా వైపు మెట్రో ఎక్కాక, నిలబడి ఊగుతూ, నాకు అనవలసినదీ అనకూడనిదీ ఒక విషయం గుర్తుకు వచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి ఒక ఎన్నిక. ఒక లోక్‌సభ సభ్యుడు. పేరు, పార్టీ, రాష్ట్రం ఏదీ ఇక్కడ అవసరం లేదు. సభలో అరిచేవాడు కాదు గనుక పత్రికలకెక్కేవాడు కాదు. పార్లమెంటు స్థాయీ సంఘంలో ఐదేళ్లు ఓపికగా పనిచేశాడు. అధికారుల చేత జవాబులు రాబట్టిన ఆ నివేదికలు నేను చదివినవే; నా వ్యాసాలలో వాడుకున్నవే. లెక్కింపు రోజున ఆయన కొద్ది వేల ఓట్లతో ఓడిపోయాడు. రెండు గంటల్లో ఆ రాష్ట్రం మీద విశ్లేషణ ఇవ్వాలి. ఓడినవారి జాబితాలో ఆయన పేరు వేసి, 'ప్రజలు తిరస్కరించారు' అని ముగించాను.

కొన్ని నెలల తర్వాత ఢిల్లీలో ఒక పుస్తకావిష్కరణ సభలో ఎదురయ్యాడు. నేను తప్పించుకోబోయాను, ఆయనే దగ్గరకు వచ్చాడు. "మీరు రాసినది తప్పు కాదండీ. ఓడాను గదా! కాని ఆ వాక్యానికి ముందు ఇంకో వాక్యం ఉంటుందేమోనని రెండుసార్లు చదివాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఏదో సర్దిచెప్పాను, ఏం చెప్పానో గుర్తు లేదు. ఆయన మాట మాత్రం గుర్తుంది.

పోలిక పూర్తిగా పొసగదని నాకు తెలుసు. ఎన్నికల్లో ఆఖరి రోజే అసలు రోజు. తీర్పు చెప్పే హక్కు ఓటరుదే, ఆ తీర్పుకు పైన మరో పట్టిక లేదు. స్థాయీ సంఘం నివేదికలు బాగున్నాయని ఓడినవాడిని గెలిపించలేం, గెలిపించకూడదు. ఫుట్‌బాల్ లీగ్‌లో అలా కాదు. అక్కడ పట్టిక నిజంగానే ఉంది, దాన్ని చిన్నది చేసింది నియమాలు రాసినవారు. కాని ఆ రాత్రి నన్ను ఇబ్బంది పెట్టింది నియమం కాదు, నా అలవాటు. స్టేడియంలో మూడో గోల్ పడిన వెంటనే నా మనసులో తయారైన మొదటి వాక్యం, వృత్తిధర్మంగా, 'మోహన్ బాగాన్ విఫలమైంది' అన్నదే. పంతొమ్మిది రోజుల కిందట చేతిలో టీ చల్లార్చుకున్నవాణ్ణి నేనే. జూన్ 4న ఫలితాలు. ఆ రోజు మధ్యాహ్నానికి నేను మళ్లీ అదే వ్యవధిలో, అన్ని వందల పేర్ల మీద అలాంటి వాక్యాలే రాయాలి.

ఆదివారం ఉదయం హౌరాలో రైలెక్కి ఖరగ్‌పూర్ వెళ్లాను. ఆ ఊరు మేదినీపూర్ నియోజకవర్గంలోకి వస్తుంది. 25న అక్కడ పోలింగ్. వెళ్లవలసిన పనే, కాని ఆ రోజే వెళ్లవలసిన అవసరం లేదు. చెల్లెలు అక్కడే ఉంటుంది. భోజనం పెడుతూ, "రాత్రి మ్యాచ్ చూశావా అన్నయ్యా? నాన్నుంటే ఏమనేవారో!" అంది. ఏమనేవారో ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకేసారి "పట్టిక చూసి మాట్లాడు" అని నవ్వుకున్నాం.

భోజనమయ్యాక అటక మీది ట్రంకుపెట్టె దింపించాను. 1977 డైరీ అట్ట ఊడిపోయింది గాని కాగితాలు చెదలు పట్టలేదు. లీగ్ పట్టిక జూలై పేజీల్లో ఉంది, ఈస్ట్ బెంగాల్ మొదట, మోహన్ బాగాన్ కింద. కొట్టివేతలు, దిద్దుబాట్లు, చివరి అంకెల చుట్టూ సున్నా. నాన్న చేతిరాత ఎప్పుడూ ఉద్యోగ దరఖాస్తులా నిటారుగా ఉండేది. సెప్టెంబర్ దాకా తిప్పాను. 24వ తేదీ పేజీలో 'కాస్మోస్ 2-2 హబీబ్' అని మాత్రం ఉంది. అక్కడికి నాలుగైదు పేజీల తర్వాత, ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మీద గెలిచిన నాడు, ఏదో ఉంటుందని నేను అనుకోలేదు. నాలుగాటల కప్పును ఆయన లెక్కలోకే తీసుకోలేదు కదా.

పేజీలో ఒక్క అక్షరం లేదు. పైనుంచి కింది దాకా పక్కపక్కనే రెండు గీతలు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ముదురు ఎరుపు. నా బడి రంగు పెన్సిళ్లతో గీసినవి. గట్టిగా ఒత్తి గీశారేమో, వెనక పేజీలో కూడా ఆ గీతలు చేతికి తగులుతున్నాయి.